రాత్రి మజిలీ ఎక్కడ?



పడక, పొయ్యి, నీళ్ల ట్యాంకు అన్నీ బండిలోనే అమర్చుకుని ఊళ్లు తిరిగే అలవాటు మన దగ్గరా మొదలైంది. క్యాంపర్ వ్యాన్ అంటున్నారు, కొందరు కారవాన్ అంటున్నారు. పాత టెంపో ట్రావెలర్ కొని, సీట్లు తీయించి, మంచాలు వేయించుకున్నవాళ్లు హైదరాబాదులో కనిపిస్తున్నారు. అమెరికాలో ఉన్న మన పిల్లలు అక్కడి స్టేట్ పార్కుల్లో ఇలాంటి బండ్లతో తిరిగి, సెలవులకు ఇంటికొచ్చినప్పుడు అడుగుతుంటారు: నల్లగొండ, మహబూబ్‌నగర్ దిక్కు కూడా ఇట్లా తిరగొచ్చా అని. చక్కగా తిరగొచ్చు. పగలు ఏం చూడాలన్నదానికి ఇక్కడ కొదవ లేదు. చిక్కంతా పొద్దుగూకినాక బండి ఎక్కడ ఆపాలన్నదాంట్లోనే ఉంది. ఈ ప్రసంగం ఆ ఒక్క ప్రశ్న మీదనే.

అమెరికాలో ఈ ప్రశ్నకు జవాబు ఎప్పుడో దొరికింది. 1864లో లింకన్ కాలంలో యోసెమిటీ లోయను కాలిఫోర్నియా రాష్ట్రానికి అప్పగించి, జనం విహారం కోసం కాపాడమన్నారు. రాష్ట్రాల పార్కులనే ఆలోచనకు అది నాంది. ఇప్పుడక్కడ చాలా పార్కుల్లో ఒక్కో బండికి ఒక్కో నంబరు జాగా, నీళ్ల పంపు, కరెంటు ప్లగ్గు, మురుగు వదిలే గుంట ఉంటాయి. ముందే బుక్ చేసుకుని వెళ్తారు. మన దగ్గర అడవి ఒక శాఖది, చెరువు ఇంకో శాఖది, గుడి మరో శాఖది, కాటేజీలు పర్యాటక శాఖవి. బండి ఆపుకునే జాగా మాత్రం ఎవరి ఖాతాలోనూ లేదు.

కానీ దారిలో మజిలీ చేయడం మనకు కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్య గారిని తలచుకోండి. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ ఉద్యోగం చేసిన మనిషి. 1830 మే నెలలో పరివారంతో, డేరాలతో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. శ్రీశైలం చూసుకుని, కృష్ణ దాటి, మన పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ నేల మీదుగానే హైదరాబాదు చేరారు. ఆయన కాశీయాత్ర చరిత్ర తెరిచి చూడండి. ఈ ఊరు ఎన్ని ఆమడల దూరం, నీళ్లు బాగుంటాయా, దిగడానికి చావడి ఉందా, నీడ ఉందా, అంగళ్లలో సరుకులు దొరుకుతాయా అని మజిలీ మజిలీకీ రాసుకున్నారు. తర్వాత వచ్చే బాటసారికి ఏది అవసరమో ఆయనకు తెలుసు. వ్యాన్ వేసుకుని బయలుదేరే మన పిల్లలు ముందు చదవాల్సిన పుస్తకం అదే అని నా అభిప్రాయం. ఆ ప్రశ్నలు ఇప్పటికీ మారలేదు.

అంతకంటే ముందు నుంచీ ఈ దారుల్లో నడిచినవాళ్లు లంబాడీలు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని, పెళ్లాం పిల్లలతో సహా దేశాలు తిరిగారు. ఆ వ్యాపారాన్ని వాళ్లు లదేణీ అంటారు. గుంపు పెద్ద నాయక్ ముందు నడిచి, ఎద్దులకు గడ్డి, మనుషులకు నీళ్లు ఉన్నచోటు చూసి ఆగమనేవాడు. రైళ్లు, మంచి రోడ్లు వచ్చాక ఆ బతుకు ఆగిపోయి, ఆగినచోటనే తండాలు వెలిశాయి. దేవరకొండ, చందంపేట, అచ్చంపేట, బాలానగర్ చుట్టుపక్కల ఇన్ని తండాలున్నాయంటే ఆ తిరుగుడు చరిత్ర కూడా ఒక కారణం.

ఇంకొక మాట కూడా చెప్పాలి. పాలమూరు మనుషులు ఇల్లు వదిలి దారిన పడింది ఎక్కువగా సరదాకు కాదు. మేస్త్రీ వెంట ముఠాలుగా లారీ ఎక్కి, దేశంలో ఎక్కడ ఆనకట్ట కడితే అక్కడ గుడారం వేసుకుని మట్టి మోశారు. పాలమూరు లేబర్ అన్న పేరు అట్లా వచ్చింది. ఆ గుడారాల్లో పుట్టి పెరిగినవాళ్లు ఈ ఊళ్లల్లో ఇప్పటికీ ఉన్నారు. మనం బండిలో పడుకోవడానికి ముచ్చటపడి వాళ్ల ఊరికి వెళ్తున్నాం. ఆ ఎరుక మన మాటలో, మన నడవడిలో ఉండాలి.

ఇక దారి సంగతి. హైదరాబాదు నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద షాద్‌నగర్ దాటితే బాలానగర్. దసరా ముందు వెనకల్లో వస్తే రోడ్డు పక్కన గంపల నిండా సీతాఫలాలు. బాలానగర్ పేరుతోనే ఒక సీతాఫలం రకం దేశమంతటా సాగులో ఉంది. అడవి నుంచి, గుట్టల మీది నుంచి కాయ తెంపుకొచ్చి అమ్మేవాళ్లలో తండాల ఆడవాళ్లు ఎక్కువ. కన్ను విచ్చిన కాయ తీసుకుంటే రెండో రోజుకు పండుతుంది. బండిలో గడ్డి పరిచి పెట్టుకోండి.

జడ్చర్ల దాటి మహబూబ్‌నగర్ చేరితే, ఊరికి దగ్గర్లోనే పిల్లలమర్రి. ఏడు వందల ఏళ్ల నాటిదని చెప్పుకునే మర్రి. మూడు ఎకరాలకు పైగా అల్లుకుని, ఏది అసలు మొదలో, ఏది ఊడో తెలియకుండా ఉంటుంది. వందలమంది ఒకేసారి నీడన కూర్చునేంత చెట్టు. ఎద్దుల బండ్ల కాలంలో బాటసారికి ఇంతకన్నా మంచి మజిలీ ఏముంటుంది! ఆ చెట్టు నీడన దర్గా ఉంది, పక్కన గుడి ఉంది, మ్యూజియం ఉంది.

ఆ చెట్టుకు జరిగింది కూడా తెలుసుకోవాలి. 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ విరిగి పడింది. చెదలు లోపల తొలిచేశాయి. ఏళ్ల తరబడి వచ్చినవాళ్లు కొమ్మలెక్కారు, ఊడలు పట్టుకుని ఊగారు, పేర్లు చెక్కారు. 2018లో అటవీశాఖ వాళ్లు దవాఖానలో రోగికి సెలైన్ ఎక్కించినట్టే, కొమ్మలకు రంధ్రాలు చేసి, మందు కలిపిన సీసాలు వేలాడదీసి చుక్క చుక్కగా ఎక్కించారు. చెదలు పట్టిన వేళ్లకు మందు నీళ్లు పోశారు, బరువు మోయలేని కొమ్మల కింద సిమెంటు దిమ్మెలు, పైపులు ఆనించారు. చాన్నాళ్లు జనాన్ని చెట్టు దగ్గరికి రానివ్వలేదు. ఇప్పుడు వెళ్లేవాళ్లు కంచె బయటి నుంచే చూడండి. పిల్లలు ఊడ పట్టుకుంటామని మారాం చేస్తారు. ఆ సీసాల కథ చెప్పండి, వింటారు. బండి వేర్ల మీదికి పోకుండా దూరంగా ఆపండి. చక్రాల కింద మట్టి గట్టిపడితే వేరుకు గాలి ఆడదు.

నీళ్ల సంగతి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. వ్యాన్‌లో ట్యాంకు ఉంటుంది కదా, ఎక్కడ బోరు కనబడితే అక్కడ నింపేద్దామనుకుంటారు. ఈ దారిలో నల్లగొండ కూడా ఉంది. మర్రిగూడ, నాంపల్లి, చండూరు దిక్కు భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎన్ని తరాల ఎముకలు వంచిందో మనకు తెలుసు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. పటిక, సున్నం కలిపి, తేర్చి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని 1970ల్లో జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు రూపొందించి దానికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు పెట్టారు. టాంజానియా, కెన్యాలలో కూడా ఆ పేరుతోనే తెలుసు. మన ఊరి పేరు ప్రపంచానికి అట్లా పరిచయం కావడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. ఇప్పుడు మిషన్ భగీరథ కింద కృష్ణ నీళ్లు నల్లాల్లో వస్తున్నాయి. అందుకని ట్యాంకు నింపేముందు ఇది నల్లా నీళ్లా, బోరు నీళ్లా అని అడగండి. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. బోరు నీళ్లు గిన్నెలు కడగడానికి, స్నానానికి వాడుకోండి, తాగడానికీ వంటకూ వద్దు. ఎండాకాలంలో ఊరివాళ్లకే నీళ్లు చాలని చోట ట్యాంకు నింపుకోకండి.

రోడ్డు మీద ఇంకో అపాయం ఉంది. వానాకాలం పంట నవంబరులో, యాసంగి పంట ఏప్రిల్, మే నెలల్లో కోతకొస్తుంది. కళ్లం లేని రైతు వడ్లు రోడ్డు మీదనే ఆరబోస్తాడు. సగం రోడ్డు వడ్లే. సాయంత్రం కాగానే కుప్ప చేసి, పైన నల్ల టార్పాలిన్ కప్పి, గాలికి లేవకుండా అంచుల మీద రాళ్లు పెడతారు. పగలైతే పసుపు రంగులో మెరుస్తూ దూరం నుంచే కనబడుతుంది. రాత్రి నల్ల రోడ్డు మీద నల్ల కుప్ప, చుట్టూ రాళ్లు! ఎదుటి బండి లైటు కళ్లల్లో పడితే ఇక ఏమీ కనబడదు. ఎత్తైన బండి ఒక్కసారి స్టీరింగు తిప్పితే పల్టీ కొడుతుంది. తప్పు రైతుదని నేననను. కళ్లాలు కట్టించి ఇవ్వకపోవడం దగ్గర మొదలైన తప్పు అది. మనం చేయగలిగింది ఒకటే: ఈ జిల్లాల ఊరి రోడ్ల మీద చీకటి పడ్డాక బండి తోలకపోవడం.

బండి గురించి రెండు ముక్కలు. సొంత వాడకానికి క్యాంపర్ వ్యాన్ అనే తరగతి మోటారు వాహనాల చట్టం పట్టికలో ఉంది. మామూలు వ్యాన్‌ను మార్పించుకుంటే మాత్రం అదే చట్టం 52వ సెక్షన్ ప్రకారం రవాణాశాఖ అనుమతి తీసుకుని, ఆర్సీలో రాయించుకోవాలి. ఊళ్లల్లో వేలాడే కరెంటు తీగలు, తుమ్మకొమ్మలు, రైలు పట్టాల కింద దారులు ఉంటాయి. మీ బండి ఎత్తు ఎంతో స్టీరింగు పక్కన రాసి అంటించుకోండి.

మళ్లీ దారికొస్తే, మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ మీదుగా సోమశిల చూసుకోవచ్చు. శ్రీశైలం జలాశయం వెనక నీళ్లు అక్కడ సముద్రంలా పరుచుకుని ఉంటాయి. అక్కడి నుంచి అచ్చంపేట. రంగాపూర్ దగ్గర కొండ చరియ కింద ఉమామహేశ్వరం, శ్రీశైలానికి ఉత్తర ద్వారం. ఆ తర్వాత మన్ననూరు. నేరుగా వచ్చేవాళ్లు హైదరాబాదు నుంచి ఆమనగల్లు, డిండి మీదుగా శ్రీశైలం రోడ్డు పట్టుకుని ఇక్కడికే చేరతారు.

మన్ననూరు నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యం. నల్లమలలో మన వాటా. 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలం పేరుతో ఏర్పడిన పెద్ద అభయారణ్యంలో, రాష్ట్రం వేరయ్యాక కృష్ణకు ఉత్తరాన మిగిలిన భాగం ఇది. 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తీర్ణం. అటు పాత మహబూబ్‌నగర్, ఇటు పాత నల్లగొండ, రెండు జిల్లాలనూ కలిపే అడవి ఇదే. నల్లమద్ది, ఏగిస, ఇప్ప, తునికి, వెదురు. పులి కంటికి కనబడాలన్న పట్టుదలతో వెళ్తే నిరాశే. గుట్టల మీద పొడవాటి గడ్డి, తేమ నిండిన లోయలు, ఫరహాబాద్ వ్యూ పాయింట్ నుంచి కింద పొరలు పొరలుగా మైదానం, ఇవి చూడటానికి వెళ్లండి. ఫరహాబాద్ గేటు లోపలికి మన బండి రానివ్వరు. అటవీశాఖ జీపు ఎక్కాలి. వానాకాలంలో సఫారీ మూసేస్తారు.

రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఈ అడవి రోడ్డు మీద బండ్లు నడవనివ్వరు. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర గేటు పడుతుంది. మనకు మంచాలున్నాయి, పొయ్యి ఉంది, రోడ్డు పక్కన ఎక్కడైనా ఆపుకుని పడుకుంటామంటే కుదరదు. కుదరకూడదు కూడా. ఆ తొమ్మిది గంటలూ దుప్పికి, ఎలుగుకు, చిరుతకు రోడ్డు దాటే సమయం. వన్యప్రాణి సంరక్షణ చట్టం 30వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలో అడవికి ముప్పు తెచ్చేలా నిప్పు రాజేయడం నేరం. ఫిబ్రవరి దాటితే గడ్డి ఎండి ఉంటుంది, ఒక్క రవ్వ చాలు. కోతులకు అరటిపళ్లు వేయకండి. తిండి కోసం రోడ్డెక్కిన కోతి బండి కింద పడుతుంది. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను ఇక్కడ నిషేధించారు. చెత్త సంచీ బండిలోనే తెచ్చుకోవాలి.

ఇది ఖాళీ అడవి కాదు. పెంటలనే చిన్న గూడేల్లో చెంచు గిరిజనులున్నారు. 1940లో ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ, ఈ అమ్రాబాద్ పీఠభూమిలోనే చెంచుల నడుమ డేరాలు వేసుకుని ఉన్నారు. 1943లో ఆయన చెంచుల మీద ఇంగ్లీషులో పుస్తకం అచ్చు వేశారు. ఆయన అందాలు చూసి పోవడానికి రాలేదు. చెంచులు ఏం తింటారు, ఏ గుట్ట ఏ కుటుంబానిది, ఎవరితో వియ్యమందుతారు అన్నది ఓపికగా అడిగి తెలుసుకున్నారు. చెంచులకు ఆ అడవిలో కొంత భాగాన్ని కేటాయించాలని నిజాం సర్కారుకు చెప్పి ఒప్పించినవాళ్లలో ఆయన ఒకరు. బండిలో ఇల్లు మోసుకుని వెళ్లే యాత్రికుడికి ఆ అడగడం, వినడం ఆదర్శం కావాలి.

చెంచులు కొండతేనె తీసే తీరు వినండి. లోయ అంచున చెట్టుకు తీగతాడు కట్టి, దాని మీదుగా మనిషి బండరాతి చరియలోకి దిగుతాడు. పొగ పెట్టి ఈగలను తోలి, పట్టు కోసి బుట్టలో దింపుతాడు. కింద వందల అడుగుల లోతు. పైన తాడుకు కాపలా ఎవరుంటారో తెలుసా? బావమరిది. తన అక్కో చెల్లెలో ఆ దిగినవాడి ఇంట్లో ఉంది కాబట్టి తాడు మీద ఈగ వాలనివ్వడని నమ్మకం. మన్ననూరులోనో దారిలోనో తేనె కొనేటప్పుడు బేరమాడకండి. అడవి చూపడానికి చెంచు యువకులు గైడ్లుగా వస్తున్నారు. వాళ్లను పెట్టుకోండి, వాళ్లకు తెలిసిన చెట్టు మనకు పుస్తకంలో దొరకదు. 2019లో ఈ అడవిలో యురేనియం వెతుకుతామన్నప్పుడు ముందు లేచి నిలబడ్డవాళ్లు వాళ్లే. అదే ఏడు సెప్టెంబరులో శాసనసభ ఆ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది.

వటవర్లపల్లి దగ్గర పక్కకు తిరిగితే మల్లెలతీర్థం. వందల మెట్లు దిగాలి, వానలు పడ్డ తర్వాత ధార బాగుంటుంది. సలేశ్వరం మాత్రం ఏడాదికి ఒక్కసారే, చైత్ర పౌర్ణమి జాతరకే. వాహనాలు కొంతదూరమే పోతాయి, ఆపైన కొండ దిగి నడక. వస్తున్నాం లింగమయ్యా అని జనం అరుచుకుంటూ దిగుతారు. చెంచులే పూజారులు. ఆ రద్దీలో పెద్ద వ్యాన్ పట్టుకెళ్లకండి, అచ్చంపేట నుంచి బస్సులు వేస్తారు. దోమలపెంట తర్వాత శ్రీశైలం డ్యాం దాకా ఘాట్ రోడ్డు. నీళ్ల ట్యాంకుతో, గ్యాస్‌తో బరువెక్కిన బండి రెండో గేరులోనే దిగాలి. బ్రేకు తొక్కిపట్టి దిగితే సగం దారిలో వేడెక్కి పట్టు వదిలేస్తుంది.

తిరుగు ప్రయాణంలో డిండి, దేవరకొండ కోట, నాగార్జునసాగర్. సాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. రాతికట్టడంతో లేచిన ఆ ఆనకట్ట మీద కూలి చేసిన కుటుంబాలు ఇంకా నల్లగొండ పల్లెల్లో ఉన్నాయి. అక్కడే 274 ఎకరాల బౌద్ధ ఉద్యానం బుద్ధవనాన్ని 2022లో తెరిచారు. నల్లగొండ చేరాక పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం పగటిపూట చూడాలి. గర్భగుడిలో లింగం వెనక నీడ రోజంతా కదలకుండా నిలిచి ఉంటుంది.

ఇప్పుడు మళ్లీ మొదటి ప్రశ్న. ఈ దారి పొడుగునా బండి ఆపి నిద్రపోవడానికి, నీళ్లు పట్టుకోవడానికి, మురుగు సరిగ్గా వదలడానికి ఏర్పాటు చేసిన స్థలం అంటూ లేదు. పర్యాటకశాఖ హరిత హోటళ్ల ఆవరణల్లో, గుడి సత్రాల దగ్గర, పెట్రోలు బంకుల్లో అడిగి ఆపుకుంటున్నారు. కొందరు చెరువుగట్టు మీద ఆపి, మురుగు అక్కడే వదిలేసి పోతున్నారు. అది ఆ ఊరు తాగే నీళ్లలో కలుస్తుంది. కేరళ 2021లో కారవాన్ విధానం తెచ్చి, మరుసటి ఏడే వాగమన్‌లో పార్కు తెరిచింది. మనం అంత పెద్దవి కట్టనక్కర్లేదు. డిండి గట్టు కింద, సోమశిలలో, మన్ననూరు గేటుకు ఇవతల, సాగర్‌లో తలా అర ఎకరం చాలు. నాలుగు వేప చెట్లు, భగీరథ నల్లా, ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేరుగా మరుగుదొడ్లు, మురుగుకు ట్యాంకు, ఒక దీపం. నిర్వహణ ఊరి మహిళా సంఘానికి అప్పగించి, రాత్రికి ఇంత అని రుసుము పెట్టండి. జొన్నరొట్టె, పప్పుచారు కూడా వాళ్లే పెడతారు. జాతరకు ట్రాక్టర్లలో వచ్చే పేద కుటుంబాలకూ ఆ చోటే పనికొస్తుంది. నిజానికి ముందు వాళ్ల కోసమే కట్టాలి. గుట్టలెక్కి సలేశ్వరం పోయే తల్లులు రోడ్డు పక్కన చాటు వెతుక్కునే పరిస్థితి ఇంకెన్నాళ్లు? పర్యాటకశాఖ, అటవీశాఖ, పంచాయతీలు ఒకచోట కూర్చుని ఈ పని చేయాలని కోరుతున్నాను.

అప్పటిదాకా వెళ్లేవాళ్లు దసరా దాటాక వెళ్లండి. సఫారీ తెరుస్తారు, మల్లెలతీర్థంలో నీళ్లుంటాయి, సీతాఫలం దొరుకుతుంది. కార్తీక సోమవారాలు, ఆదివారాలు వదిలేయండి, శ్రీశైలం రద్దీలో మన్ననూరు గేటు దగ్గరే పూట గడిచిపోతుంది. మన్ననూరులో అటవీశాఖ కాటేజీలు ముందే బుక్ చేసుకుని, బండి ఆవరణలో పెట్టుకోవడానికి వాళ్లనే అడగండి. పొద్దు ఉండగానే అక్కడికి చేరేలా ఇంటి నుంచి బయలుదేరండి.